క్రేను వాటా

యార్డులో అందరూ అతన్ని అనుమానాల మేస్త్రి అంటారు. తాడు మూడుసార్లు లాగి చూసుకుంటేగాని కొక్కెం తగిలించనివ్వడు. ఇరవై రెండేళ్లుగా అతని ముఠాలో ఒక్కడి వేలు కూడా నలగలేదు.

ఇప్పుడు కొత్త తంటా వచ్చిపడింది. క్రేను మీద ఉండే డ్రైవరు ఆఫీసు గదిలోకి మారాడు. కెమెరా తెర ముందు కూర్చుని, సెల్ టవరు సిగ్నలుతో క్రేను తిప్పుతున్నాడు. మేస్త్రి పిడికిలి ఎత్తగానే బరువు ఆగాలి. ఆగకపోతే కింద ఉన్న ఆరుగురి గతేమిటి? వాళ్లలో ఒకడు సొంత బావమరిది.

"భోజనాల వేళ నా ఫోను ఇంటికే కలవదు. అదే టవరుతో ఇనుప దూలాన్ని ఎలా ఆపుతారమ్మా?"

ఈ ఏర్పాటు చేసిన ఇంజనీరమ్మ నవ్వింది. "టవరు ఒకటే, వాటాలు వేరు మేస్త్రిగారూ. ఒకే రోడ్డు మీద అంబులెన్సుకని ఓ వరస వదిలేసినట్టు. ఆ గీత సాఫ్ట్‌వేరు గీస్తుంది. మీ ఫోన్లు ఎంత కిక్కిరిసినా క్రేను వాటాలోకి రావు."

"కంటికి కనబడని గీత. దాటినవాణ్ణి పట్టుకునేదెవరు?"

"ఆ టవరేనండీ. క్రేనుకిచ్చిన సిమ్ములనే లోపలికి రానిస్తుంది."

మేస్త్రి మెత్తబడలేదు. మర్నాడు భోజనాల వేళ యార్డులో ఉన్న రెండొందల మందినీ ఒకేసారి వీడియోలు పెట్టమన్నాడు. ఫోన్లలో వీడియో రాక, తెర మీద చక్రం గిర్రున తిరుగుతూ ఉండిపోయింది. ఖాళీ కొక్కెం కదులుతుండగా పిడికిలి ఎత్తాడు. ఠక్కున ఆగింది. పదిసార్లు ఎత్తాడు, పదిసార్లూ ఆగింది.

"ఇప్పుడైనా నమ్ముతారా?" అంది ఇంజనీరమ్మ.

మేస్త్రి చూపు దూలాల వెనక్కి పోయింది. అక్కడ బావమరిది ఒక్కడే ఫోను చూస్తూ పకపకా నవ్వుతున్నాడు.

"ఏరా, నీ ఒక్కడికే ఎలా వస్తోంది?"

"అదృష్టం బావా."

"నీ మొహం. ఇటివ్వు."

బావమరిది నసిగాడు. "స్టోరులో క్రేను రిమోటు పెట్టెకని ఉంచిన స్పేరు సిమ్ము... ఊరికే పడుందని పెట్టుకున్నా. ఒక్క వీడియోకే క్రేను ఆగకుండా పోతుందా?"

"ఒక్కడివే అయితే పోదు. ఇంకెంతమంది ఉన్నారో చెప్పు," అన్నాడు మేస్త్రి.

వాడు వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. నాలుగో వేలికి ఇంజనీరమ్మ మొహంలో నవ్వు ఎగిరిపోయింది. సిమ్ములన్నీ తెప్పించి, రిమోటు పెట్టెల్లో తప్ప ఇంకెక్కడా పనిచేయకుండా కట్టడి చేసింది.

అప్పటిదాకా మేస్త్రి ముఠాను కొక్కెం దరిదాపుల్లోకి పోనివ్వలేదు. ఆమె అయిందన్నాక కూడా, ఆ సిమ్ము బావమరిది ఫోనులో మళ్లీ పెట్టించి, వీడియో రాదని కళ్లారా చూసుకున్నాడు.

"ఇక పదరా. ముందు నువ్వే నిలబడు కింద," అని ఈల వేశాడు.