సగం మాస్టారు

మా బాబాయి బట్టలు కత్తిరించేవాడు. కుట్టేవాడు కాదు, కత్తిరించేవాడు. ఈ తేడా తెలియని వాళ్లంటే ఆయనకు చిర్రెత్తుకొచ్చేది. "కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుట్టుకోవచ్చు. కత్తెర తప్పితే ఏం చేస్తావు?" అనేవాడు. పెద్ద బజారులోని దర్జీ దుకాణంలో ఆయన కటింగ్ మాస్టర్. బట్ట చాలదని మిగతావాళ్లు తిప్పి పంపిన చోట ఆయన చొక్కా తీసి, మిగిలిన దాంట్లో జేబురుమాలు కూడా తీసేవాడు. ఆయన బల్ల కింద ఊడ్చే పీలికలు గుప్పెడుకు మించేవి కావు.

అంత పనితనం ఉన్నవాడు ఇంకొకడి బల్ల దగ్గర నిలబడే ముసలివాడు కావడమేమిటని ఆయనకు అనిపించింది. పిన్నికీ అనిపించింది. నిజం చెప్పాలంటే మా అందరికీ అనిపించింది, పొగిడి పొగిడి ఎగదోసింది మేమే. దాచుకున్నదంతా పోసి సొంత దుకాణం పెట్టాడు. అది చాలకపోతే తనతో పనిచేసే ఐదుగురు కుట్టుపనివాళ్ల దగ్గర అప్పు తీసుకున్నాడు. కాగితం లేదు, వడ్డీ లేదు. మాస్టారు పైకొస్తే తామూ ఆయన వెంట వెళ్లొచ్చని ఆశపడి, ఇంట్లో ఉన్నదంతా ఊడ్చి ఇచ్చారు. ఏడాది తిరగకుండానే ఎదురుగా రెడీమేడ్ బట్టల కొట్టు వెలిసింది. బాబాయి దుకాణంలో ఈగలు తోలుకునే పరిస్థితి వచ్చింది. మిషన్లు అమ్మితే వచ్చింది అద్దె బకాయికే సరిపోయింది. ఆయన తలవంచుకుని పాత యజమాని దగ్గరికే వెళ్లి, పాత బల్ల ముందే నిలబడ్డాడు.

ఆ పనిగది ఎలా ఉంటుందో చెప్పాలి. ఒక చివర కటింగ్ బల్ల, గోడవారగా వరసగా కుట్టు మిషన్లు. కత్తిరించిన కట్టలు తీసుకెళ్లి ఒక్కొక్క మిషను దగ్గరా ఇవ్వాల్సింది మాస్టరే. అంటే బాబాయి రోజంతా ఆ ఐదుగురి వీపుల వెనకే తిరగాలి. వాళ్లలో ఒక్కరూ డబ్బు మాట ఎత్తలేదు. కాలర్ పట్టుకుని నాలుగు మాటలని ఉంటే ఆయనకు కాస్త ఊపిరాడేదేమో. వాళ్లు కట్ట అందుకుని, "సరే మాస్టారూ" అని మళ్లీ తలవంచుకుని కుట్టేవారు. ఆ మర్యాద ఆయన్ని లోపల్లోపల తినేసింది.

అప్పుడు మొదలైంది సగాల సంసారం.

సబ్బు బిళ్ల ఇంటికి రాగానే దారంతో సగానికి కోసేవాడు. సగం వాడకానికి, సగం పెట్టెలోకి. టూత్‌పేస్టు గొట్టం ఇక రాదనిపించాక దాన్ని కత్తెరతో నిలువునా చీల్చి, లోపలంతా బ్రష్షుతో తుడిచి వాడుకునేవారు. ఇంట్లో ఒకే బల్బు. వంటగదిలో పనయ్యాక చల్లారేదాకా ఆగి, గుడ్డతో పట్టి విప్పి, ముందుగదిలో బిగించుకునేవారు. బాబాయి బస్సు మానేసి పనికి నడిచే వెళ్లేవాడు. కూరగాయలు మార్కెట్టు కట్టేసే వేళకు వెళ్లి తెచ్చేవాడు, వాడిపోయినవైనా సరే. దుకాణంలో అందరికీ టీ వచ్చే సమయానికి ఆయనకు పెరట్లో కుళాయి దగ్గర ఏదో పని పడేది. తన చొక్కాలు దుకాణంలో మిగిలిన ముక్కలతో తనే కుట్టుకునేవాడు. ముందు ఒక రంగు, వెనక ఒక రంగు. ఎదురుగా వచ్చేటప్పుడు ఒక మనిషి, దాటి వెళ్లాక ఇంకో మనిషి.

వీధివాళ్లు ఊరుకుంటారా? సగం మాస్టారు అని పేరు పెట్టారు. సగం మాస్టారు తుమ్మినా సగమే తుమ్ముతాడు, రెండో సగం రేపటికి దాస్తాడు అని నవ్వుకునేవారు. నాకు ఒళ్లు మండేది. పిన్ని మాత్రం వాళ్లకంటే గట్టిగా నవ్వేది.

"మీ బాబాయి నన్ను కూడా సగానికి కోస్తారేమోనే. ఒక ముక్కకే అన్నం పెడితే సరిపోతుంది కదా!" అనేది నాతో.

"ఎందుకు పిన్నీ ఇంత అవస్థ? వాళ్లేమైనా అడుగుతున్నారా?"

"అడగరు కాబట్టేనే తొందర. ఆయన అన్నం ముందు కూర్చుంటే, ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. వాళ్లింట్లో ఏం వండుకున్నారో అని. నేను చూడలేనే."

పిన్నికి బీపీ ఉంది. మా అమ్మమ్మా, మేనమామా దానితోనే పోయారు. వీధి చివరి డాక్టరు రోజుకో మాత్ర రాసిచ్చి, ఒంట్లో బాగున్నా సరే, ప్రాణం ఉన్నంతకాలం మానొద్దని గట్టిగా చెప్పాడు. అన్నిట్లోనూ కత్తెర వేసిన బాబాయి దాని జోలికి మాత్రం పోలేదు. జీతం రాగానే మొదట కొనేది ఆ మాత్రలే. మందుల షాపు నుంచి వచ్చాకే మిగతా లెక్కలు.

నలుగురి బాకీ తీరింది. మిగిలింది గుండీల కాజాలు కుట్టే ముసలాయన ఒక్కడే. అందరికంటే ఎక్కువ ఇచ్చిందీ ఆయనే, కళ్లు మసకబారుతున్నదీ ఆయనకే. ఇవాళో రేపో పని మానేస్తాడని దుకాణంలో అనుకుంటున్నారు. ఆయన మానేసేలోపు, చేతిలో సూది ఉండగానే ఆ డబ్బు ఇచ్చేయాలని బాబాయి పంతం పట్టాడు.

ఆ రోజుల్లోనే ఒకసారి పిన్ని, "డాక్టరుకి చూపించుకున్నానండీ. ఇకమీదట సగం మాత్ర చాలన్నాడు" అంది.

బాబాయి ముఖం వెలిగిపోయింది. "చూశావా? నూనె తగ్గించాం, ఉప్పు తగ్గించాం, అందుకే. మనం చేసింది మంచికే వచ్చింది" అన్నాడు. మర్నాడు దుకాణంలో మిషన్ల మధ్య నిలబడి అదే చెప్పాడట. సొంత దుకాణం మూతపడ్డాక ఆయన గొప్పగా చెప్పుకున్న మాట అదొక్కటే.

పిన్ని డాక్టరు దగ్గరికి వెళ్లనే లేదు. బాబాయి దారాలు తెంపుకునే చిన్న కత్తెరతో, ఆయన పనికి వెళ్లాక, కింద గుడ్డ పరిచి మాత్రను సగానికి కోసేది. రాలిన పొడిని తడివేలితో అద్దుకుని నాలిక మీద వేసుకునేది. ఇది నాకు తరవాత ఆమే చెప్పింది. చెబుతూ ఇంకా, "సరిగ్గా మధ్యకే కోసేదాన్నే, ఆయన పెళ్లాన్ని కదా" అంది. ఆ మాటకు నవ్వాలో తల బాదుకోవాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

తలనొప్పి వస్తే గుడ్డ కట్టుకునేది. ఎండ అనేది, నిద్ర చాల్లేదనేది. ఒకరోజు గ్లాసు చేతిలోంచి జారిపడింది. డాక్టరు దగ్గరికి పద అన్నాను.

"ముసలాయనది అయిపోనీవే. ఇంకెంత, వచ్చే జీతమేగా! ఆ తరవాత నువ్వు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తా."

ఆ జీతం వచ్చింది. బాబాయి నోట్ల కట్టకు రబ్బరు బ్యాండు వేసి, కాజాల ముసలాయన బల్ల మీద పెట్టాడు.

"ఇదెందుకు మాస్టారూ ఇంత తొందర? నేనడిగానా?"

"అడగలేదు. అందుకే."

ముసలాయన ఆ కట్టను చేత్తో తడిమి, "మీరు సగమైపోయారు మాస్టారూ" అన్నాడు. బాబాయి నవ్వేశాడు. ఆ పూట టీ వచ్చినప్పుడు కుళాయి దగ్గరికి పోలేదు. అందరి మధ్యా కూర్చుని తాగాడు. ఇంటికి బస్సులో వచ్చాడు. దారిలో సబ్బు బిళ్లలు రెండు కొన్నాడు, వాసన చూసి మరీ. వంటగదికి ఇంకో బల్బు కొన్నాడు.

ఆ బల్బు పట్టుకునే వంటగదిలోకి వెళ్లాడు. పిన్ని పొయ్యి పక్కన నేల మీద పడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నాయి. నోరు ఒక పక్కకు లాగేసింది.

నేను వెళ్లేసరికి ఆమెను రిక్షాలో వీధి చివరి డాక్టరు దగ్గరికి తెచ్చేశారు. ఆయన నాడి చూస్తూనే, "మాత్ర వేస్తున్నారా?" అన్నాడు.

"రోజూ వేసుకుంటుందండీ. మీరు చెప్పినట్టే, సగం" అన్నాడు బాబాయి.

"సగమా? సగమని ఎవరు చెప్పారు?"

"మీరేగా."

"నేనెందుకు చెబుతానయ్యా! ఈమె నా దగ్గరికి వచ్చి ఎన్నాళ్లయింది? ముందు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి, మాట్లాడుతూ నిలబడకండి" అని డాక్టరు కేకలేశాడు.

బాబాయి పిన్నివైపు చూశాడు. ఆమె కళ్లు పక్కకు తిప్పుకుంది. ఆ ఒక్క చూపుతో ఆయనకు అంతా అర్థమైంది. ఆ క్షణం ఆయన ముఖం చూసినందుకు, ఇప్పటికీ ఆ డాక్టరు గుమ్మం ముందునుంచి వెళ్లాలంటే నాకు మనసొప్పదు.

ప్రాణం దక్కింది. కుడిచెయ్యి, కుడికాలు దక్కలేదు. ఆసుపత్రి బిల్లు కట్టమన్న రోజు బాబాయి జేబులో బస్సు చార్జీకి కూడా లేదు. సాయంత్రం కాజాల ముసలాయన వచ్చాడు. గోడ పట్టుకుని నడుస్తూ, మంచం దాకా వచ్చి, నోట్ల కట్ట బాబాయి ఒళ్లో పెట్టాడు. రబ్బరు బ్యాండు విప్పనే లేదు, బాబాయి వేసిన మెలికే ఉంది. మిగతా నలుగురూ తలా కొంత పంపారు. ఎవరి బాకీ తీర్చాడో వాళ్లకే మళ్లీ బాకీ పడ్డాడు. నాకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. ఎవరి మీద కోపగించుకోవాలో తెలియక, ఆసుపత్రి ఆవరణలో బిస్కెట్లు అమ్ముకునే వాడితో ఊరికే పోట్లాడాను.

బాబాయి మళ్లీ పనికి నడిచే వెళ్తున్నాడు. బస్సు లేదు, టీ లేదు. కానీ ఇంట్లో దేన్నీ కోయడం లేదు. సబ్బు బిళ్ల ఇప్పుడు ఒకటిగానే కరిగిపోతుంది.

మొన్న పెద్దాసుపత్రిలో మందు మార్చారు. కొత్త మాత్ర పెద్దది. పొద్దున సగం, సాయంత్రం సగం ఇవ్వమన్నారు. నేను అక్కడే ఉన్నాను. బాబాయి మాత్రను పళ్లెంలో పెట్టి, చిన్న కత్తెర తీశాడు. గీత కూడా గీయకుండా బట్టలు కత్తిరించే చెయ్యి అది. మాత్ర మీదికి వచ్చి ఆగిపోయింది. మళ్లీ పెట్టాడు, మళ్లీ ఆగిపోయింది. కత్తెర పక్కన పెట్టి, మాత్రను కాగితంలో చుట్టుకుని మందుల షాపుకి వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను.

"దీన్ని సగం చేసివ్వు నాయనా."

షాపతను నవ్వాడు. "మీకు కోయడం నేను నేర్పాలా మాస్టారూ?" అన్నాడు. బాబాయి కాగితం ముందుకు జరిపాడు. అతను గమ్మున బ్లేడు తీసి కోసిచ్చాడు.

ఇంటికొచ్చి కాగితం విప్పితే ముక్కలు సమంగా తెగలేదు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. బాబాయి రెండూ అరచేతిలో పెట్టుకుని, ఏది ఇవ్వాలో తెలియక, మంచం పక్కన నిలబడిపోయాడు. పిన్ని ఎడమచెయ్యి చాచి చిన్న ముక్క తీసుకుంది.

"ఇది చాల్లెండి" అంది, ముద్దముద్దగా.

బాబాయి ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆమె వదల్లేదు. ఆయన ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీసి ఆ ముక్క లాక్కుని, పెద్దది ఆమె నోట్లో పెట్టి, మింగేదాకా నీళ్లగ్లాసు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.