వలల తాత అప్పగించిన పని

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ లేదు. ఇరవై రెండేళ్ళ వయసు, ఒత్తయిన జుట్టు, చంకలో నల్ల అట్ట పుస్తకం, ఎవరేమడిగినా నాలుక చివర సిద్ధంగా ఉండే జవాబు. మనిషి ఎందుకు పుట్టాడో, చచ్చాక ఎక్కడికి పోతాడో, అక్కడ ఎవరు ఏ పక్కన నిలబడతారో అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పేవాణ్ణి. ఈ మధ్య మా ప్రార్థన మందిరంలో ఓ కుర్రవాడు "అంకుల్, మీ వయసులో ఇప్పటిదాకా ఎంతమందిని ప్రభువు దగ్గరికి నడిపించారు?" అని ఎంతో ఆశగా అడిగాడు. దగ్గు వచ్చినట్టు నటించి బయటికి వచ్చేశాను. నిజానికి నేను నడిపించబోయిన మనిషి ఒకడున్నాడు. ఆ కథ గుర్తొస్తే ముందు నవ్వొస్తుంది, తరవాత నవ్వు రాదు. ఆ కుర్రవాడికి చెప్పే ధైర్యం లేకపోయింది గానీ మీకు చెబుతాను.

మాది పద్మనాభం దగ్గర వరి పండించుకునే కుటుంబం. స్టీలు ప్లాంటు వస్తోందట, వేలల్లో ఉద్యోగాలట అని ఊరంతా చెప్పుకునే కాలంలో, నేనూ ఓ ట్రంకుపెట్టె పట్టుకుని విశాఖపట్నం వచ్చి, ఆ ఉద్యోగం రాక, ఫిషింగ్ హార్బరులో ఓ ఐసు ఫ్యాక్టరీలో గుమస్తాగా తేలాను. తెల్లవారకముందే కిటికీ దగ్గర కూర్చుని పడవలవాళ్ళకి ఐసు దిమ్మల చీటీలు రాయాలి. మధ్యాహ్నానికి పని అయిపోతే పాత ఊళ్ళో అద్దె గదికి వెళ్ళి గోడ వంక చూస్తూ పడుకోవాలి. తిన్నావా అని అడిగే మనిషి ఒక్కడు లేడు. అలాంటి ఓ ఆదివారం, పాటలు వినిపిస్తుంటే ఓ చిన్న మందిరం గుమ్మం దగ్గర ఆగాను. అక్కడి పాస్టరు అయ్యగారి భార్య నన్ను చూసి, "అన్నం తిన్నావా బాబూ?" అంది. అంతే, లోపలికి వెళ్ళాను, మళ్ళీ బయటికి రాలేదు. (తరవాత ఎలా నమ్మానో సాక్ష్యం చెప్పమన్నప్పుడల్లా నా పాపభారం, నా పశ్చాత్తాపం, నా కన్నీళ్ళు అంటూ అరగంట తక్కువ కాకుండా చెప్పేవాణ్ణి. ఆనాటి వంకాయ కూర సంగతి ఎన్నడూ చెప్పలేదు. ఇదే మొదటిసారి.) నేను మతం మారిన సంగతి తెలిసి మా అమ్మ మూడు నెలలు నాతో మాట్లాడలేదు. అదీ నా సాక్ష్యంలో ఓ ఘనతగానే చెప్పుకున్నాను, ఆ మూడు నెలలూ ఆవిడ ఏం తిందో, ఎలా పడుకుందో ఆలోచించకుండా.

కొత్త భక్తి కదా, ఒక్క చోట నిలవనిచ్చేది కాదు. ఐసు కోసం కిటికీ దగ్గరికి వచ్చిన ప్రతివాడికీ చీటీతో పాటు ఓ కరపత్రం కూడా చేతిలో పెట్టి, "మీ ఆత్మ నిత్యత్వాన్ని ఎక్కడ గడుపుతుంది?" అని అడిగేవాణ్ణి. హార్బరంతా నాకు 'రక్షణ గుమస్తా' అని పేరు పెట్టింది. చేపలమ్మే ఆడవాళ్ళు, "ముందు మా సేపలు కుళ్ళకుండా సూడు బాబూ, మా ఆత్మల సంగతి సాయంకాలం మాటాడదారి" అనేవారు. కరపత్రాలు మాత్రం ఎవరూ కాదనేవారు కాదు, ఎండురొయ్యలు పొట్లాలు కట్టడానికి ఆ కాగితం బాగుండేదట. పాత ఊళ్ళో తాళ్ళూ నైలాను దారాలూ అమ్మే సాయిబుగారొకాయన, కరపత్రం చివరిదాకా చదివి, మడతపెట్టి, నా చేతికే ఇచ్చి, "బాగుంది బాబూ. కానీ మా అబ్బాజాన్ నేర్పింది నేను వదిలేస్తే, రేపు ఆయనకి మొహం ఎలా చూపిస్తాను?" అని టీ తెప్పించాడు. ఆ మాటలో ఏముందో అప్పుడు నాకు పట్టలేదు. టీ తాగి, ఈయన హృదయం కఠినం అని తేల్చుకుని వచ్చేశాను.

అలా అందరూ తప్పించుకుపోగా, కూర్చుని విన్నవాడు ఒక్కడే దొరికాడు. జెట్టీ వెనక రేకుల షెడ్డులో చిరిగిన వలలు బాగుచేసే ముసలాయన. వలల తాత అనేవారు. కాలి బొటనవేలికి వల తగిలించి, చెక్క సూదితో దారం ముడులు వేస్తూ ఉండేవాడు. నేను వెళ్ళి ఆత్మ, నిత్యత్వం అని మొదలుపెట్టగానే తలెత్తి చూసి, "కూకో బాబూ. ఆ కొస బిగించి పట్టుకో. ఇప్పుడు సెప్పు" అన్నాడు. నేను పట్టుకున్నాను. ఆయన విన్నాడు. మర్నాడూ అంతే, ఆ పై నాడూ అంతే. నాకు ఒక ఆత్మ దొరికిందని నేను మురిసిపోతుంటే, తనకి కూలి లేని మనిషి దొరికాడని ఆయన మురిసిపోయాడేమో తెలియదు. రెండు నెలల్లో ఆయనకి సువార్త ఎంత వచ్చిందో గానీ, నాకు వల కుట్టడం వచ్చేసింది.

అయితే ఒక్క మాట. చేపలూ పడవలూ ఉన్న కథలు వచ్చినప్పుడు ఆయన సూది ఆపేసేవాడు. రాత్రంతా శిష్యులు వల వేసినా ఏమీ పడలేదనీ, ప్రభువు కుడివైపు వెయ్యమనగానే వల నిండిందనీ చెబితే, "ఒడ్డున నిలబడి సెప్పాడా? అయితే ఆ బాబుకి నీటి రంగు తెలుసు" అన్నాడు. అన్ని చేపలు పడ్డా వల చిరగలేదంటే మాత్రం నమ్మలేదు. "ఏ నూలు వాడీవోరో అడిగి సెప్పు" అన్నాడు. తుపానులో పడవ మునగబోతుంటే ప్రభువు లేచి గాలిని ఆగమన్నాడనీ, అది ఆగిందనీ చెప్పిన రోజున తాత సూది కింద పెట్టేశాడు. ఆ తరవాత, "ఆగిందా? అందరూ ఇంటికెల్లిపోనారా?" అని రెండుసార్లు అడిగాడు. అందరూ వెళ్ళారన్నాను. "ఒక్కడూ పోనేదా?" అన్నాడు. ఒక్కడూ పోలేదన్నాను. వల మడతపెట్టి, "అయితే నన్ను ఆ బాబుకి అప్పజెప్పీ" అన్నాడు. (మధ్యలో ఓసారి, "నువ్వు పద్నాభం ఓడివే గదా, నాతోటి ఆ కాయితం బాస ఎందుకు మాటాడతావు?" అని కూడా అన్నాడు. అది నేను పట్టించుకోలేదు.)

పరుగున వెళ్ళి అయ్యగారికి చెప్పాను. ఆయన బక్కపలచని మనిషి, నెమ్మదిగా మాట్లాడేవాడు. అంతా విని, "అతని కష్టమేమిటో అడిగావా?" అన్నాడు. కష్టం అడగడమెందుకు, పాపం ఒప్పుకున్నాడు కదా అన్నాను. (ఒప్పుకోలేదు. నేనే ఆయన తరఫున ఒప్పేసుకున్నాను.) మా మందిరానికి తొట్టి లేదు కాబట్టి, నీళ్ళలో ముంచి లేపే బాప్తిస్మాలు సముద్రంలోనే ఇచ్చేవారు, ఆదివారం పొద్దున్నే, జనం రాకముందు, అల నెమ్మదిగా ఉండే చోట. ఆ వారానికే తాతని రమ్మన్నాను.

శనివారం నా కిటికీ దగ్గరికి తాత కోడలు వచ్చింది. చేపలమ్ముకునే మనిషి, తెల్లవారకముందు వేలంపాటలో ఆమె గొంతు అన్నిటికన్నా పైన వినిపించేది. ఆ రోజు మాత్రం నెమ్మదిగా అడిగింది. "ఏటి బాబూ, మా మావని సముద్దరంలో ముంచుతావా? మా ఇంటోడు సేపల ఏటకెల్లి పడవతోటీ పోనాడు. మనిసీ దొరకనేదు, బట్టా దొరకనేదు. నాలుగేళ్ళయింది, ఆ రోజు కాణ్ణించి మా మావ ఆ నీటిలో కాలు తడపనేదు. జెట్టీ మీంచి దగ్గరదారి ఉన్నా సుట్టూ తిరిగొత్తాడు. నీకు సెప్పనేదా?" చెప్పలేదు. నేను అడిగితే కదా చెప్పడానికి, రెండు నెలలూ మాట్లాడింది నేనే. అక్కడితో ఆగి, పరుగెత్తి అయ్యగారికి చెప్పి ఉంటే బాగుండేది. "ఆ భయం కూడా ప్రభువే తీసేస్తాడక్కా" అన్నాను, రెండు దిమ్మల ఐసుకి చీటీ రాస్తూ. ఆమె నా వంక అదోలా చూసి చీటీ తీసుకు వెళ్ళిపోయింది.

ఆదివారం తాత ఉతికిన పంచె కట్టుకుని, తలకి నూనె రాసుకుని వచ్చాడు. కోడలు కూడా వచ్చి దూరంగా నిలబడింది. ముందు ఇద్దరికి అయ్యగారు బాప్తిస్మం ఇచ్చారు. తాత పొడి ఇసక అంచున ఆగిపోయాడు. నేను ఆయనకి ధైర్యం చెప్పడానికి నడుము లోతు నీళ్ళలోకి దిగి, ఒడ్డు వైపు తిరిగి నిలబడి, చూడండి ఏమీ లేదు అన్నట్టు రెండు చేతులూ చాపాను. అయ్యగారు నీళ్ళలోంచి బయటికి వచ్చి తాత పక్కన నిలబడ్డారు. అప్పుడు తాత అడిగాడు. "అయ్యా, ఇందులో ములిగితే నన్ను ఆ బాబు దగ్గిరికి తీసుకెల్తారు. బాగుంది. మా గుంటడూ ఇందులోనే ములిగాడు. ఆణ్ణి తీసుకెల్లారా?"

 అయ్యగారు ఆ ముసలాయన చెయ్యి పట్టుకోవడం నాకు కనిపించింది. ఆయనకి జవాబు గుర్తు రావడం లేదనుకున్నాను. నాకు గుర్తుంది కదా! నీళ్ళలోంచే గొంతెత్తి, "తాతగారూ, ఎవరి విశ్వాసం వారిదే. తెలుసుకుని, నమ్మి, మునిగినవారికే ఆ రాజ్యం" అన్నాను. "అయితే మావోడు అక్కడ నేడా?" అన్నాడు తాత, ఈసారి నన్నే చూస్తూ. "లేడు" అన్నాను. ఒకే ఒక్క మాట. ఎంతో మందికి ఎన్నో గంటలు చెప్పిన సువార్తలో ఆ ఒక్క మాట మాత్రం వెనక్కి తీసుకోగలిగితే మిగతాదంతా వదులుకుంటాను.

సముద్రానికి వీపు పెట్టి నిలబడేది వరిపొలాల్లో పుట్టినవాడే. ఎప్పుడొచ్చిందో, వెనకనుంచి ఓ అల వచ్చి నా మెడ మీద కొట్టింది. కాళ్ళ కింద ఇసక జారిపోయింది. నిత్యత్వం గురించి నేను నేర్చుకున్న గ్రాంథికమంతా ఆ క్షణంలో కొట్టుకుపోయి, "ఓలమ్మో, సచ్చిపోతన్నాను!" అని పద్మనాభం అరుపు అరిచాను. ఆ తరవాత ఉప్పునీళ్ళు తప్ప ఏమీ తెలియలేదు. ఎవరో నా జుట్టు దొరకబుచ్చుకున్నారు (అప్పట్లో దొరకబుచ్చుకునేంత ఉండేదని ముందే మనవి చేశాను). ఈడ్చుకొచ్చి ఇసకలో బోర్లా పడేసి వీపు మీద గుద్దులు గుద్దారు. కళ్ళు తెరిస్తే తాత. తలనుంచి కాళ్ళదాకా తడిసి ఉన్నాడు. వెనక నిలబడ్డ మా మందిరంలోని ఓ బామ్మగారికి చూపు సరిగా ఆనదు, ముసలాయన నీళ్ళలోంచి తడిసి రావడం చూసి, బాప్తిస్మం అయిపోయిందనుకుని, చప్పట్లు కొడుతూ గట్టిగా స్తుతిపాట ఎత్తుకుంది. నలుగురు అందుకున్నారు కూడా.

తాత ఆ పాట వినలేదు. వంగి తన పాదాల వంక చూసుకుంటున్నాడు. "నాలుగేళ్ళయ్యింది" అన్నాడు, ఎవరితోనూ కాదు. తరవాత ఆ తడి ఇసకలోనే కూలబడి, పెద్దగా, నోరు తెరిచి ఏడ్చాడు. పాట ఒక్కొక్క గొంతే ఆగిపోయింది. అయ్యగారు తన భుజం మీది తువ్వాలు తీసి ఆయనకి కప్పి, తనూ ఆ పక్కనే ఇసకలో కూర్చున్నారు.  చాలాసేపయ్యాక తాత లేచి, "ఈ బాబు కోసం దిగాను గానీ, ఇది మీ బాప్తిసంలోకి రాదయ్యా. మావోడు నేని సోటికి నాను రాను" అన్నాడు. నా వైపు తిరిగి, "ఇంకెప్పుడూ దానికి వీపెట్టకు" అని చెప్పి, కోడలి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు షెడ్డుకి వెళ్ళాను.  ఆయన తలెత్తలేదు. కాసేపు నిలబెట్టి, వల కొస నా వైపు తోసి, "పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. ఆ రోజు వినడం నా వంతు. ఆయనే చెప్పాడు. మొదటిసారి కొడుకు పేరు చెప్పాడు, కుడి కనుబొమ్మ మీద గాటు సంగతి చెప్పాడు, చేపల ఇంట్లో పుట్టి ముల్లంటే భయపడి కోడిగుడ్డు తప్ప తినేవాడు కాదని చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను. ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం.

తరవాతి వారం కోడలు ఆ తువ్వాలు ఉతికి, మడతపెట్టి మందిరానికి తెచ్చింది. ఇచ్చేసి వెళ్ళిపోతుందనుకుంటే వెనక వరసలో కూర్చుంది. ఆ పై వారమూ వచ్చింది, ఏడాది తిరిగేసరికి నమ్మి బాప్తిస్మమూ తీసుకుంది. నా కరపత్రం ఏదైనా పనిచేసిందేమోనన్న ఆశతో ఓసారి ఎందుకొచ్చావక్కా అని అడిగాను. "ఆ దినం అయ్యగారు ఏటీ సెప్పనేదు బాబూ. మా మావ పక్కన కూకున్నారు. అందుకే" అంది. తాత మాత్రం లోపలికి ఎన్నడూ రాలేదు. ఆదివారం ఆమెతో పాటు వచ్చి, మందిరం బయట మెట్టు మీద, ఆమె చెప్పుల పక్కన కూర్చునేవాడు. పాటలు వింటూ తల ఊపేవాడు. లోపలికి రమ్మని అయ్యగారు ఎప్పుడూ బలవంతం చెయ్యలేదు, రెండుమూడుసార్లు తనే బయటికి వచ్చి కూర్చున్నారు.

కొన్నేళ్ళకి ఓ వానాకాలం తాత మంచం పట్టాడు. చూడ్డానికి వెళితే దగ్గరికి రమ్మని సైగ చేశాడు. "బాబూ, నువ్వెలాగూ అక్కడికి ఎల్తావు గదా. ఎల్లినాక ఓపాలి నోపలికెల్లి సూడు. మావోడున్నాడేమో. నువ్వప్పుడు తెలీక సెప్పుంటావు. సిన్నోడివి." నేను ఆయన చెయ్యి పట్టుకుని, "నాకు తెలీదు తాతా. అప్పుడూ తెలీదు" అన్నాను. ఆ మాట కాయితం బాసలో రాలేదు. ఆయన తృప్తిగా తల ఊపి, "గుర్తెట్టుకో, కుడి కనుబొమ్మ మీద గాటు" అన్నాడు. ఆ వారంలోనే పోయాడు.

ఇప్పుడు నా జుట్టు ఎవరికీ దొరకబుచ్చుకునేంత లేదు. సముద్రం ఒడ్డుకి వెళితే మొహం అటే పెట్టి నిలబడతాను. చనిపోయినవాళ్ళు ఎక్కడున్నారని ఎవరైనా ఏడుస్తూ అడిగితే, నాకు తెలియదని చెప్పి, వాళ్ళ పేరేమిటని అడిగి, పక్కన కూర్చుంటాను. మోకాళ్ళ తీరు చూస్తే తాత అప్పగించిన పనికి ఇంక ఎంతో దూరం లేదనిపిస్తోంది. వెళ్ళగానే ప్రభువుని మొదట అడిగేది అదే, తాత కొడుకు ఉన్నాడా అని. ఉన్నాడంటే సరే, తాతకి చెప్పమని మనవి చేసుకుంటాను. లేడంటే మాత్రం, వెళ్ళినవాణ్ణి వెళ్ళినట్టే వెనక్కి వచ్చి, కాసేపు ఆ గుమ్మం బయటి మెట్టు మీద కూర్చుంటాను. నాకన్నా ముందే అక్కడ ఒకాయన కూర్చుని, ఆ కొస పట్టుకో బాబూ అంటాడని నా నమ్మకం.