సొరకాయకు నాడి చూసిన పొద్దు

ఆ పొద్దున సరిగ్గా ఆరుంబావుకు వంటమనిషి గంజి గుండిగ దించింది. ఆ రోజుల్లో ఇబ్రహీంపట్నంలోని మా చిన్న దవాఖానలో దినం ఆ చప్పుడుతోనే మొదలయ్యేది. ఇప్పుడు నర్సింగు చదివే పిల్లలకు ఒత్తిడి, ఆందోళన గురించి పాఠాలు చెబుతున్నారట, మంచిదే. మా కాలంలో అంత విడమర్చి చూసేవాళ్లు లేరు. ధైర్యమున్న పిల్ల, ధైర్యం లేని పిల్ల అని రెండే రకాలు. రెండో రకం పిల్లను పని నేర్చుకునే ఆర్నెల్లు నిండగానే ట్రంకుపెట్టెతో సహా బస్సెక్కించేవారు. నాకు ఆర్నెల్లు నిండడానికి పది రోజులే ఉన్నాయి.

మా ఊరు కందుకూరు దిక్కు. మా అన్న దళంలో కలిసిపోయాడు. ఆయన జాడ చెప్పమని రజాకార్లు రెండుసార్లు మా ఇల్లు సోదా చేశారు. నన్ను దవాఖానలో దిగబెట్టినప్పుడు అమ్మ, "బిడ్డా, మల్ల ఈ గడప తొక్కకు. ఆడనే ఉండు, ఏం పని చెప్పినా చెయ్యి" అన్నది. కాబట్టి నాకు రెండు భయాలు. అన్నకు ఏమవుతుందోనన్నది ఒకటి, నేను భయపడుతున్నట్టు ఎవరికైనా తెలిస్తే ఇంటికి పంపేస్తారన్నది రెండోది. మొదటి భయాన్ని దాచడానికి రెండో భయం పడేదాన్ని. (ఇది ఎంత తెలివితక్కువ ఏర్పాటో అప్పట్లో తెలియలేదు.) రజాకార్ల లారీ చప్పుడు వినబడితే చేతులు వణికేవి. అట్లా వణికిన ఒక మధ్యాహ్నం దవాఖానలో మిగిలిన ఒక్క థర్మామీటరూ నా చేతిలోంచి జారి పగిలింది.

యూనియన్ సైన్యం వస్తోందని, దారులు మూసేశారని చెప్పుకుంటున్న వారం అది. పట్నం పోయిన డాక్టరమ్మ తిరిగి రాలేదు. దవాఖానంతా పెద్ద సిస్టరు మీద పడింది. ఆమెను మేము చాటుగా ఫినాయిలమ్మ అనేవాళ్లం. ఆమె కాన్పుల గదిలోంచి బయటికి రావడానికి తీరిక లేక, ఆడవాళ్ల వార్డు మా పొట్టక్కకు, మగవాళ్ల వార్డు నాకు అప్పగించింది. పొట్టక్క నాకన్నా ఏడాది పెద్ద, జానెడు పొట్టి, నా ఏకైక స్నేహితురాలు. జ్వరం చూడడానికి థర్మామీటరు లేదు గనక నాడి చూసి చెప్పమన్నది సిస్టరు. నాడి జోరుగా ఉన్నవాడికి గంజే, ఇంటికి పోవడం లేదు. అర నిమిషంలో కారిపోయే ఇసుక బుడ్డి ఒకటి ఇచ్చి, వచ్చిన లెక్కను రెండింతలు చేయమన్నది. ఎడమ చేతిలో బుడ్డి పట్టుకుని, ఇసుక మీంచి కన్ను తీయకుండా, కుడి చేత్తో రోగి మణికట్టు పట్టుకునేదాన్ని. ప్రతివాడికీ నాడి నూట ఇరవై దాటింది. వార్డులో ఏదో జ్వరం మొదలవుతోందని సిస్టరు నేలంతా ఫినాయిలుతో కడిగించింది. మగవాళ్ల వార్డు మొత్తం గంజి మీద పడింది.

కాలి పుండు మానిపోయిన చేపల తాత ఒకడు వారం కిందనే ఇంటికి పోవలసినవాడు. చెరువు నిండింది, వల ఇంట్లో ఎలుకల పాలవుతోంది. మూడో పొద్దున గంజి గిన్నె చూసి లేచి కూర్చున్నాడు.

"మల్ల గంజేనా? నేనేం బాలింతనా?"

"నాడి జోరుగున్నది తాతా. సిస్టరమ్మ పోవద్దన్నది."

"అందరి నాడి ఒక్కతీరు కొట్టుకుంటదా బిడ్డా? మేమేమన్న డప్పుల మేళమా?"

మర్నాటి పొద్దున, గంజి గుండిగ దిగిన కాసేపటికే, విమానాలు తక్కువ ఎత్తున పోయాయి. కిటికీలు మూశారు. మసక చీకట్లో నేను ఇసుక బుడ్డి తిరగేసి తాత మంచం దగ్గర చెయ్యి చాపాను. దుప్పటి కిందినుంచి బట్ట చుట్టిన మణికట్టు వచ్చింది. చల్లగా ఉంది. ఇసుక అయిపోయింది. నూట ముప్పై. చల్లబడ్డ చెయ్యి, పరుగెత్తే నాడి, ఈ రెండూ కలిస్తే మనిషి దక్కడని నేర్చుకున్నాను. పాఠం బాగా గుర్తున్నందుకు ఒక్క క్షణం గర్వం కూడా కలిగిందనుకుంటాను.

"సిస్టరమ్మా, ఉరికిరా! తాత పోతున్నడు!"

సిస్టరుకన్నా ముందు ఆ కేక, గిన్నెలు కడుగుతున్న తాత భార్యకు చేరింది. ఆమె గడపలోనే కూలబడి గుండెలు బాదుకుంది. "నన్నిడిసి పోతివా! గంజినీళ్లు తాగి పోతివా! చాపకూర వండి పెట్టకపోతినే!"

తాత దుప్పటి విసిరేసి లేచాడు. "ఓసి పిచ్చిదానా, సావలే! జర నోరు మూయ్!"

నా చేతిలో ఆనిగెపుకాయ మిగిలింది. (సొరకాయను మా దిక్కు అట్లా అంటాం.) తాత భార్య ముందునాడు కూరకని తెచ్చిన లేత కాయ; నా లెక్క సంగతి తేల్చడానికి తాత బట్ట చుట్టి అందించింది దాన్నే. దాని మెడ నా గుప్పిట్లో ఉంది. వార్డు ఘొల్లుమన్నది. పైన విమానాలు పోతుంటే నాలుగు రోజులుగా నవ్వన్నది ఎరగని మనుషులు కడుపులు పట్టుకుని నవ్వారు. తాత భార్య కళ్లు తుడుచుకుని, ఆ కాయ నా చేతిలోంచి లాక్కుని, దానితోనే మొగుణ్ణి రెండు బాదింది. "ఇంకోసారి గిట్ల సస్తవా?" తాత తలవంచుకుని దెబ్బలు తిన్నాడు. నాకు నేల చీలితే బాగుండుననిపించింది.

నా కేకకు ఉరికొచ్చిన సిస్టరు నవ్వలేదు. ఇంకా వంగే ఉన్న నా బొటనవేలు చూసింది. నన్ను సామాన్ల గదిలోకి తీసుకుపోయింది. "బొటనవేలుతోని పట్టుకుంటే దాంట్ల కొట్టుకునేది నీ నాడే. ఇన్ని దినాలు అందరి చేతులు పట్టుకొని నిన్ను నువ్వు లెక్కపెట్టుకున్నవ్" అన్నది. నా మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి ఇసుక బుడ్డి తిరగేసింది. ఇసుక కారినంతసేపు నేను ట్రంకుపెట్టె గురించి ఆలోచించాను.

"మీ అన్న సంగతి ఏమన్న తెలిసిందా?"

తెలియలేదని తలూపాను. అన్న సంగతి ఆమెకు తెలుసని నాకు తెలియదు.

"వంటింట్లకు పో. ఉల్లిగడ్డలు కొయ్యి. ఆడ ఎవ్వరు ఏడిస్తే ఎందుకని ఎవ్వరడగరు. నిమ్మళమైనంక రా, మూడు వేళ్లతోని మల్ల అందరి నాడి చూడు."

ఆ సాయంత్రమే తాత ఇంటికి పోయాడు. మర్నాటి నుంచి డ్యూటీకి ముందు సిస్టరు మమ్మల్ని వరుసగా నిలబెట్టి ఒకరి నాడి ఒకరిచేత చూపించింది. జోరుగా ఉన్నవాళ్లు కాసేపు ఉల్లిగడ్డల దగ్గరికి పోవాలి. మొదటిరోజు పొట్టక్క ఊరుకోక సిస్టరు చెయ్యి కూడా పట్టుకుంది. "సిస్టరమ్మా, అందరికన్న మీదే ఎక్కువున్నది" అన్నది. ఆమె నేరుగా ఉల్లిగడ్డల కత్తిపీట దగ్గరికి పోయి కూర్చుంది. నన్ను బస్సెక్కించలేదు. అన్న సంగతి తెలియడానికి చాలా కాలం పట్టింది. అది నవ్వుతూ చెప్పే సంగతి కాదు.

మొన్నటి వానకాలంలో పొట్టక్క పోయింది. చివరి వారం పట్నంలో పెద్ద ఆసుపత్రిలో ఉంది. ఆమె వేలికి తగిలించిన చిన్న పరికరం నాడిని గోడమీద అంకెల్లో చూపించేది. అది సర్దడానికి వచ్చిన నర్సు పిల్ల చేతులు వణుకుతున్నాయి. కొత్తగా చేరిందేమో. ఆ చెయ్యి పట్టుకోవాలనిపించింది. ముసలిదానికి మతి తప్పిందనుకుంటుందని సిగ్గుపడి ఊరుకున్నాను. ఇన్నేళ్లకూ నా సిగ్గు నన్ను వదల్లేదు, నవ్వొచ్చింది. ఆ పిల్ల పక్క మంచం దగ్గరికి పోయింది. ఇప్పుడు డ్యూటీకి ముందు నర్సులు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోరు.