తల కింద పెట్టుకున్న చెయ్యి

మా నాన్నని తాగుబోతుని చేశారు చినబాబు గారూ. "మా గానుగ రోజులు" అని మొన్న నెట్‌లో మీరు పెట్టిన పాత ఫొటోల్లో మూడోది మా నాన్నది. ఇటుకల గట్టు మీద పక్కకి ఒరిగి, కుడిచెయ్యి తల కింద పెట్టుకుని నిద్రపోతున్నాడు. పక్కన సీసా. కింద మీ రాత... "మందు పడితే మావోడికి పెనం గుర్తుండదు." అందరూ నవ్వారు.

నవ్వినవాళ్ళకి ఆ మనిషి తెలీదు. వాళ్ళ కోసం కూడా రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... రెండు వేల ఏడు, ఎనిమిది ఆ ప్రాంతం... బుచ్చయ్యపేట వైపు మా ఊళ్ళో చెరకు ఆడే రోజులు. శనివారం ఒంటిపూట బడి. ఇంటికెళ్ళి కేరేజీ పట్టుకుని గానుగకి పరిగెత్తేదాన్ని. చినబాబు గారి నాన్నగారి గానుగ అది. రసం కాచే పెద్ద పెనం దగ్గర బెల్లం వండేది మా నాన్నా, పోలయ్య మామా.

పొయ్యిలోకి ఎండు పిప్పి తోసి, రసం కాగే లోపల నాన్న ఒక కునుకు తీసేవాడు. మూల చాప ఉండేది... వేసుకునేవాడు కాదు. ఎందుకని అడిగానొకసారి.

"సాప మీద పడుకుంటే సాయంత్రానికి లేత్తానే పిచ్చిదానా. సెయ్యి మీద తలెట్టుకుంటే తిమ్మిరెక్కి అదే లేపేత్తాది. మడ్డి తేలే ఏలకి కరెట్టుగా లేత్తాను."

"మీ అయ్యకి సేతికి వాచీ ఎందుకే సిట్టీ, సెయ్యే వాచీ" అని పోలయ్య మామ ఎగతాళి.

నిజంగానే లేచేవాడు. చెయ్యి విదిలించుకుంటూ, నవ్వుతూ గరిటె అందుకునేవాడు. అదొక పనితనం అనుకునేవాళ్ళం... రోజూ ఆ చేతిని నలిపేసుకుంటున్నాడని ఎవరికి తెలుసు.

ఆ ఫొటో తీసిన శనివారం పోలయ్య మామకి జ్వరం. మూడు రోజులుగా నాన్న ఒక్కడే వండుతున్నాడు. నేను వెళ్ళేసరికి నిద్రలో ఉన్నాడు. లేపబోయి ఆగిపోయాను... నోరు కొంచెం తెరుచుకుని, చంటిపిల్లాడిలా పడుకున్నాడు. ఇంకాసేపు పడుకోనీ అనుకున్నాను. నేను లేపి ఉంటే... ఆ మాట వదిలేద్దాం.

అప్పుడే మీరు కెమెరాతో వచ్చారు. "పాపా, కూసింత పక్కకి జరుగు" అన్నారు. జరిగాను. ఫొటో అంచున కేరేజీ పిడి కనపడుతుంది చూడండి, అది నేను తెచ్చిందే. ఆ సీసాలో ఉన్నది సున్నపు తేట. రసంలో మురికి మడ్డిగా పైకి తేలడానికి పోస్తారు, మీకు తెలియంది కాదు. సీసా మందుదే, కాదనను. అది ఖాళీ అయింది మీ ఇంట్లో. మా నాన్న బాప్తిస్మం తీసుకున్న రోజు నుంచి చుక్క ముట్టలేదు.

పాకం మాడిన వాసనకి నాన్న లేచాడు. గరిటె పట్టబోతే మణికట్టు వేలాడిపోయింది. వేళ్ళు లేవలేదు. "సెయ్యి రాట్లేదే సిట్టీ" అన్నాడు, ఎవరికీ వినపడకుండా.

మీ నాన్నగారు మాడిన పెనం చూశారు, సీసా చూశారు. "పట్టపగలే పట్టించేడేటి" అన్నారు. అదే ఊరంతా తిరిగింది. చర్చిలో డోలక్ వాయించేది నాన్నే. సంఘ పెద్దలు పిలిచి అడిగారు. ఇంటికొచ్చి ఏడ్చాడు... అడిగారని.

పక్షవాతం అన్నారు. నాటువైద్యమని పావురం రక్తం రాశారు. నేను పదో తరగతితో చదువు ఆపేశాను. పరవాడలో కంపెనీ పనికి బస్సులో వస్తూ పోతూ, ఫోన్లో కూడబలుక్కుని చదివి అసలు సంగతి తెలుసుకున్నాను. ఫిజియోథెరపీ చేసే ఆయన్ని అడిగితే అవునన్నారు. జబ్బలో ఎముకని ఆనుకుని ఒక నరం దిగుతుంది. గట్టి చోట చెయ్యి నలిగేలా ఎక్కువసేపు పడుకుంటే అది చచ్చుబడుతుంది. తాగి పడుకున్నవాళ్ళకే కాదు, ఒళ్ళు తెలియకుండా అలిసిపోయినవాళ్ళకీ అంతే. మణికట్టు వంగకుండా కట్టు కట్టి, వేళ్ళు రోజూ కదిలిస్తే చాలామందికి కొన్ని నెలల్లో తిరిగొస్తుందట. కొన్ని నెలలు... నాన్న వేళ్ళు బిగుసుకుపోయి పదిహేనేళ్ళు దాటింది.

ఇప్పుడు మీ గానుగ లేదు. మీకది జ్ఞాపకం. మా ఇంట్లో ఆ రోజు ఇంకా అయిపోలేదు. నాన్న మధ్యాహ్నం కునుకు తీస్తే ఆ పనికిరాని చెయ్యే తల కింద పెట్టుకుంటాడు. నేను తీసి దిండు మీద పెడతాను.

నిన్న ఎవరో ఆయనకి మీరు పెట్టిన ఆ ఫొటో పంపారు. నాన్నకి చదువు రాదు. ఫోన్ నా దగ్గరికి తెచ్చాడు.

"నేనేనే... ఎంత బలంగా ఉన్నానో సూడు. కింద ఏటి రాసేరు?"

"మా గానుగలో మంచి పనోడు అని రాసేరు నాన్నా."

"సినబాబుకి ఇంకా గుర్తున్నాన్రా" అని మురిసిపోయాడు. ఆదివారం చర్చిలో అందరికీ చూపిస్తానంటున్నాడు. అక్కడ చదువొచ్చినవాళ్ళుంటారు.

ఆ గానుగలో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఇది చదివితే, మీరు చూసింది కింద రాయండి.

చినబాబు గారూ, ఆ మాట తీసేయండి. తాగలేదు, మూడు రోజులు ఒక్కడే వండి అలిసి పడుకున్నాడని మీ చేత్తో రాయండి. రాశానని ఇక్కడ నాకు జవాబు చెప్పండి. ఫొటో మాత్రం తీసెయ్యొద్దు... చెయ్యి బాగున్నప్పటి ఫొటో ఆయనకి ఇంకొకటి లేదు.

శనివారం సాయంత్రం ఆరు గంటల వరకు చూస్తాను.