మా బావ మంద, నా పొద్దుతిరుగుడు చేను

మా అక్క మొగుడికి పెద్ద గొర్రెల మంద ఉంది. వానలకు ముందు మా వైపు రైతులు ఖాళీ చేలల్లో మంద కట్టించుకుంటారు. గొర్రెలు రాత్రి అక్కడే పడుకుంటే వాటి పెంటికలే ఆ ఏటి పైరుకు ఎరువు. బత్తలపల్లె చుట్టుపక్కల మా బావ మంద పడుకోని చేలు రెండే. దారి పక్కదొకటి, గుట్ట కిందిదొకటి. రెండూ నావే. నా గట్టు మీదుగానే మందను తోలుకుపోయి పక్కవాళ్ళ చేలో కట్టేవాడు. కారణం ఏమంటే, ఆయన కూతురి పెళ్ళిలో నన్ను ఆఖరి బంతిలో కూర్చోబెట్టారని నేను నలుగురిలో అన్నాను. ఆ రోజు నా ఆకులోకి ఓళిగ, అదే బొబ్బట్టు, రాలేదు. అయిపోయాయన్నారు. అయిపోలేదని నాకు తెలుసు.

మంద సంగతి అక్క దగ్గర ఎత్తని పండగ లేదు. అది ఒక పోరు. రెండో పోరు దారి పక్క చేనుకు ఆనుకుని ఉన్న రేకుల షెడ్డుతో. అందులో పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించేవాళ్ళు. పొగ, బూడిద అంతా నా చేను మీదే. సోమవారం వచ్చిందంటే అర్జీ పట్టుకుని అనంతపురం కలెక్టరాఫీసుకు పోయేవాణ్ణి. కౌంటర్లో కూర్చునే ఆయన నన్ను చూడగానే భోజనానికి లేచిపోయేవాడు. పొద్దున పదింటికి భోజనమేమిటో ఆయనే చెప్పాలి.

చివరికి షెడ్డు మూతపడింది. మట్టి పరీక్షకు పోయింది. ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువ సీసం ఉందని తేలింది. చేను పాడైనవాడికి అంత సంతోషం కలగకూడదు గానీ, నాకు కలిగింది. మా ఆవిడకు ఫోన్ చేసి, సంబంధం కుదిరినట్టు, "ఉండాదంట! సీసం ఉండాది!" అన్నాను.

"సరేలే, వచ్చేటప్పుడు చక్కెర పట్టుకురా" అంది.

మట్టి పరీక్షల మేడం ఆ చేలో ప్రయోగంగా పొద్దుతిరుగుడు వేయమంది. నీళ్ళతో పాటు నేలలోని సీసాన్నీ మొక్క కొద్దికొద్దిగా పీల్చుకుంటుందట. ఎక్కువ భాగం వేర్లలోనే ఆగిపోతుంది, కొంత కాడల్లోకి, ఆకుల్లోకి ఎక్కుతుంది. అందుకని వేర్లతో సహా పీకి వాళ్ళకే అప్పజెప్పాలి. తినకూడదు, మేపకూడదు, కాల్చకూడదు, దిబ్బలో వేయకూడదు. ఒక్క పంటతో పోయేది కాదు, ఏళ్ళు పడుతుందని కూడా చెప్పింది. ఏళ్ళంటే నాకు భయం లేదు.

బోరులో ఉన్న కాసిని నీళ్ళు పెట్టాను. ఆ ఎండలో, ఆ ఎర్రమట్టిలో, చేనంతా పసుపు ముద్దలా పూసింది. దారిన పోయే కార్లు ఆగిపోయేవి. ధర్మవరం పట్టుచీరలో ఒక పెళ్ళికూతురు ఫోటోలకు వచ్చింది. ఆకులు నోటికి తగలనీయొద్దని నేను గట్టు మీంచి అరుస్తుంటే, ఫోటోగ్రాఫర్ నన్ను పక్కకు జరగమన్నాడు. నా చేలో నన్ను. అతని మొహం నాకు గుర్తుంది.

పూలు తలలు వాల్చాయి. మర్నాడు మొక్కలు పీకడానికి మేడం మనుషులు రావాలి. ఆ సాయంత్రం నేను టీ కొట్టు దగ్గర ఉండగా కొట్టాయన అన్నాడు: "అన్నా, మీ బావ మందను తోలుకొని మీ దారి పక్క చేనికే పోతాండాడు. పంట అయిపోయింది గదా, మంద కడ్తానని చెప్పినాడు."

ఒళ్ళంతా తేలిపోయింది. ఇన్నేళ్ళకు ఓడిపోయాడు మా బావ. "అందరికీ టీ పొయ్యప్పా" అన్నాను. ముక్కూ మొహం తెలియని లారీ డ్రైవరు చేయి పట్టుకుని ఊపేశాను. గ్లాసు నోటి దాకా వచ్చాక గుర్తొచ్చింది, ఆ చేలో ఉన్నది ఏ మొక్కలో.

బండి ఎలా తోలానో తెలియదు. పోయేసరికి మంద కంపదడి సందు దగ్గర ఉంది. సందుకు అడ్డంగా బండి పడేసి, తువ్వాలు ఊపుతూ, పీర్ల పండక్కి ఎగిరినట్టు ఎగిరాను. ఒక పొట్టేలు నన్ను పొడిచింది. లేచి మళ్ళీ ఎగిరాను. మంద వచ్చిందన్న సంతోషంలో నవ్వు ఆగడం లేదు.

బావ కర్ర ఆనించి నిలబడ్డాడు. "ఏమప్పా బామ్మర్దీ, మంద కట్టలేదని ఊరంతా చాటితివి. కడదామని వస్తే అడ్డం పడతావా?"

"వద్దు బావా. ఈ చెట్లలో సీసం ఉండాది. నేలలోంచి పీల్చినాయి."

"చెట్టు సీసం తాగిందా, నువ్వేమన్నా తాగినావా?"

"గొర్లు తింటే వాటికి జబ్బు. అవి ఈడ పెంటికలేస్తే చెట్టు పైకి తెచ్చిందంతా మళ్ళీ నేలలోకే పోతాది."

"ఓళిగ పెట్టలేదని ఇంకా మనసులో పెట్టుకున్యావు."

"పెట్టుకున్యా. అది వేరే, ఇది వేరే."

ఆయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. మోచేతి మీద తోలు లేచింది, తువ్వాలు పొట్టేలు కాళ్ళ కింద ఉంది.

"మంద కోసం ఇన్నేండ్లు ఏడ్చినోడు మంద వద్దంటాండాడంటే, నిజమే అయ్యుంటాది" అన్నాడు మెల్లగా. అప్పటికే దడిలోంచి మూతి పెట్టి ఆకు అందుకున్న గొర్రెను పట్టుకుని, దవడ విప్పి, వేలితో ఆకంతా బయటికి లాగేశాడు. "నువ్వూ ఈ చెట్టూ ఒకటే. లోపలికి పోయింది మళ్ళా బయటికి రాదు" అన్నాడు. ఇద్దరం దారి మధ్యలో నిలబడి కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం.

తర్వాత మందను గుట్ట కింది చేనికి తిప్పాడు. అక్కడికి షెడ్డు పొగ ఎప్పుడూ రాలేదు, మట్టి పరీక్షలోనూ బాగుందనే తేలింది. గొర్రెలు నా నేల మీద పడుకున్నాయి. తెల్లారి పోయి చూస్తే చేనంతా పెంటికలు. గొడుగు లేకుండా ఆ ఎండలోనే గట్టు మీద కూర్చుని, వాటినే చూస్తూ చాలాసేపు ఉండిపోయాను.

ఆ సాయంత్రం మంద పక్కవాళ్ళ చేలోకి మారింది. వాళ్ళ దాంట్లో రెండు రాత్రులు ఉంది. నా దాంట్లో ఒక్కటే. అక్కకు ఫోన్ చేశాను.