జడ అల్లిన తీగ

యుద్ధం నడుస్తున్న రోజుల్లో, ఒక వానకాలం మొదట్లో నన్ను చేవెళ్ల తాత్కాలిక వైర్‌లెస్ స్టేషన్‌కు ఆపరేటరుగా వేశారు. మా పని ఒక్కటే. ఎగువన పెద్దవాన పడితే మొయినాబాద్ వైపు జలాశయం గేట్ల దగ్గరి స్టేషన్‌కు కబురు పంపాలి. ముందే తెలిస్తే వాళ్లు నీళ్లు కొద్దికొద్దిగా వదులుతారు. తెలియకపోతే ఒక్కసారిగా వదలక తప్పదు, దిగువన ఇళ్లు మునుగుతాయి.

సెట్టు బిగించిన మధ్యాహ్నమే పడమట మబ్బు కమ్మింది. మోర్స్ మీట కొట్టి గేట్ల స్టేషన్‌ను పిలిచాను. జవాబు లేదు! మళ్లీ పిలిచాను. ఉలుకూ పలుకూ లేదు.

సెట్టు మూత తీసి చూశాను, లోపల అంతా బాగానే ఉంది. ఇక అనుమానం ఫీడర్ లైను మీదికి పోయింది. సెట్టు నుంచి ఏరియల్‌కు శక్తిని మోసే జంట తీగలవి. ప్రతి లైనుకూ దాని సొంత ఇంపిడెన్స్, అంటే అందులో పోయే విద్యుత్ తరంగానికి అది చూపే నిరోధం, ఉంటుంది. పొడవుతో దానికి పనిలేదు, తీగల లావును బట్టి, వాటి మధ్య ఎడాన్ని బట్టి అది తేలుతుంది. మాది జానెడు ఎడంతో ఆరువందల ఓములకు వేసిన లైను. దారిలో ఆ ఎడం మారితే శక్తిలో కొంత అక్కడే తగిలి వెనక్కి తిరుగుతుంది.

మీట నొక్కి ఉండేలా కట్టేసి, తీగలో శక్తి ఉంటే తాకకుండానే వెలిగే నియాన్ బుడ్డిని వెదురు కర్రకు కట్టి, ఆ వెలుగు తెలిసేలా నల్లగొడుగు నీడ పట్టి లైను వెంట నడిచాను. బుడ్డి ఒకచోట భగ్గుమంది, కొంచెం ముందుకు పోతే ఆరింది, మళ్లీ వెలిగింది. దొరికాడు దొంగ! శక్తి వెనక్కి తిరుగుతున్నదని చెప్పే గుర్తు అదే. ఏరియల్ స్తంభం దాకా పోయి తలెత్తి చూశాను. పైకెక్కే తీగలు రెండూ రబ్బరు తొడుగువి, ఒకదానికొకటి మెలేసి ఉన్నాయి. జానెడు ఎడం అక్కడ గింజంత కూడా లేదు.

మా లైన్‌మన్ మల్లన్న అంతకుముందు ఏళ్లతరబడి టెలిఫోన్ తీగలు లాగినవాడు. "ఏంది మల్లన్నా ఇది?" అన్నాను.

"గాలికి కొట్టుకుంటున్నయ్ సాబ్. టెలిఫోన్‌కు అల్లినట్టే అల్లిన. సక్కగ లేదా?"

"జడ సక్కగనే ఉన్నది, పూలే తక్కువ! జల్ది విప్పు, వాన ముంచుకొస్తున్నది."

ఆయన గొణుక్కుంటూనే ఎక్కి, ఉత్త తీగలు జానెడు ఎడంతో బిగించాడు. ఈసారి బుడ్డి లైను పొడవునా ఒక్క తీరుగా వెలిగింది. చినుకులు మొదలయ్యాయి. పరుగెత్తి మీట కొట్టి వాన కబురు పంపాను. వెంటనే చెవుల్లో టకటకా జవాబు, గేట్లు ఎత్తుతున్నామని! నేను కుర్చీలోంచి ఎగిరి కేక పెట్టాను. మల్లన్న తలరుమాలు గాల్లోకి విసిరాడు.

మల్లన్న అల్లికలో వంక లేదు, అది వేరే లైనుకు పనికొచ్చే అల్లిక. తర్వాత ఏ స్టేషన్‌కు పోయినా, సెట్టు మూత తీసేముందు లైను వెంట ఈ కొస నుంచి ఆ కొస దాకా నడిచేవాణ్ణి.