ఇంటికొక మనిషి

మా ఊళ్లో చేతిరాత బాగుండటం ఒక శాపం. పెళ్లి పిలుపుల నుంచి కలెక్టరుగారికి పెట్టే అర్జీల దాకా అన్నీ నా నెత్తినే పడతాయి.

పక్క ఊరివాళ్లు సముద్రంలో మా వలలు కోసేశారని ఒక ఉదయం పెద్దలు తీర్మానం చేశారు. ఇంటికొక మనిషి వెళ్లి అడగాలి. రాని ఇంటి పడవను నీళ్లలోకి తోయడానికి ఎవరూ చెయ్యి వేయకూడదు. తాతల నాటి కట్టుబాటు! ఎవరు వచ్చారో, ఎవరు ఎగ్గొట్టారో తేలాలి కదా, అందుకని పేర్లు రాయమని నోటుపుస్తకం నా చేతిలో పెట్టారు. పేర్లు రాసి ఊరుకున్నానా? ఎవరూ అడక్కుండానే పైన ఒక వాక్యం చేర్చాను: ‘అందరం ఒకే మాట మీద, ఏమొచ్చినా సిద్ధపడి వెళ్తున్నాం.’ నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నాయన జ్వరంతో పడుకుని ఉన్నాడు. అందుకని మా ఇంటి తరఫున తమ్ముడి పేరు రాశాను. వాడికి సూళ్లూరుపేటలో డ్రైవరు ఉద్యోగం ఖాయమైంది, పోలీసు సర్టిఫికెట్ ఒక్కటే మిగిలింది. రానని మొండికేశాడు. ఊరికే వెనకాల నిలబడి రమ్మని నేనే సతాయించి పంపాను.

వాడు నిజంగానే వెనకాల నిలబడ్డాడు. మావాళ్లలో ముందున్నవాడొకడు తెడ్డుతో పక్క ఊరాయన చెయ్యి విరగ్గొట్టాడు. పోలీసులు వస్తే మా పెద్దలు రొమ్ము విరుచుకుని, మేమేమైనా దొంగలమా అంటూ ఆ నోటుపుస్తకం తీసి ఇచ్చారు. ఇంకేముంది, జాబితా మొత్తం కేసులోకి ఎక్కింది, నేను రాసిన వరసలోనే. వీళ్లనేమనాలి?

గూడూరులో లాయరుగారి ముందు తమ్ముడిది ఒకటే పాట, నేను కొట్టలా సార్ అని. కొట్టాలని కలిసి అనుకుని వెళ్తే కొట్టినవాడూ పక్కన నిలబడినవాడూ ఒకటేనన్నాడాయన. వీడు అలా అనుకోలేదని చూపించాలి, కానీ కాగితం ఇంకోలా చెబుతోందని నా వాక్యాన్ని పైకి చదివాడు.

తమ్ముడు నా వైపు తిరిగాడు.

“ఆ మాట నన్నడిగే రాసినావా అక్కా?”

అడగలేదన్నాను. లాయరుగారు పెన్ను పక్కన పెట్టి, ఆ ముక్క కోర్టులో చెబుతావా అమ్మా అన్నాడు. చెబితే ఊరిని కాదన్నట్టే. చెబుతానన్నాను. పెద్దల మీదా నా మీదా ఒళ్లు మండిపోయి అన్నాను. సూళ్లూరుపేట ఉద్యోగం అప్పటికే ఇంకొకరికి పోయింది.

వారం తిరక్కుండా ఆ కబురు ఊరంతా పాకింది. ఒక పొద్దున నాయన ఒక్కడే పడవ దగ్గర నిలబడి ఉన్నాడు. చుట్టూ మనుషులు వలలు సర్దుకుంటున్నారు, ఒక్కరూ మావైపు చూడలేదు. నేను చీర ఎగదోపుకుని పడవకు భుజం ఆనించాను. అది కదిలితేగా!

తమ్ముడు వచ్చి అవతలి పక్కన నిలబడ్డాడు. నువ్వెందుకురా, మళ్లీ నలుగురి కళ్లల్లో పడటానికా అని కసురుకున్నాను.

“ఈసారి నన్నెవురూ పంపలా, నేనే వచ్చినా,” అన్నాడు. “తొయ్యక్కా.”